గాలికి లేవని బానెట్టు

సుంకప్ప పోయిన నెలా పది రోజులకు అతని బండి కర్నూలుకు వచ్చింది. తనంతట తాను రాలేదు. రెండు జతల ఎద్దులు మోకులతో ఈడ్చుకొచ్చాయి. ఓర్వకల్లులో వేకువనే కట్టిన ఎద్దులు హుసేన్ వలి షెడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముందు చక్రం ఒకటి వంకరపోయి, తిరిగినప్పుడల్లా బండి కుంటినట్టు ఊగుతోంది. స్టీరింగు దగ్గర సుంకప్ప తమ్ముడు చిన్న ఈరన్న కూర్చున్నాడు. సుంకప్ప పెండ్లాం మహాదేవమ్మ మాత్రం బండి ఎక్కలేదు. తలుపు మీద ఒక చెయ్యి ఆనించి, పద్నాలుగు మైళ్ళూ దాని పక్కనే నడిచి వచ్చింది.

షెడ్డు అంటే పెద్దదేం కాదు. నంద్యాల రోడ్డు మొదట్లో నాలుగు గుంజల మీద రేకులు, కింద నూనె తాగి నల్లబడిన నేల. ఆ నేల మీద వెల్లకిలా పడుకుని ఒక బస్సు అడుగున బోల్టు బిగిస్తున్న వలి, ఎద్దుల గిట్టలు చూసి బయటికి జరిగాడు. లేచి నిలబడి బండిని చూశాడు. చేతిలో పానా చేతిలోనే ఉండిపోయింది.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు అది. ఎక్కడ చూసినా గుడారాలు, లేస్తున్న గోడలు. బేతంచెర్ల నాపరాళ్ళకు ఎన్నడూ లేని గిరాకీ. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండ్లలో ఒకదాన్ని సుంకప్ప కొనుక్కుని, ఆ రాళ్ళు తోలేవాడు. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే గది, వెనక పొట్టి తొట్టి. దాన్ని పికప్పు అంటారని వలి చెబితే, ఊళ్ళోవాళ్ళు సుంకప్పకు తమ్ముడు పిక్కప్ప అని నవ్వుకునేవారు. సుంకప్ప కూడా నవ్వేవాడు. ఆ బండిని వారానికి ఒకసారైనా వలి దగ్గరికి తెచ్చేవాడు, పని ఉన్నా లేకున్నా. వలిని బావా అని పిలిచేవాడు. ఆ వరస మీదనే మహాదేవమ్మకు వలి అన్న అయ్యాడు.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం, కర్నూలులో రాళ్ళు దించి ఖాళీ బండితో ఇంటికి పోతూ, ఊరికి రెండు మైళ్ళ ఇవతల, రాతిగుట్టల మధ్య దిగుడులో సుంకప్ప బండి రోడ్డు తప్పింది. పక్కనున్న గుండును గుద్దుకుంది. స్టీరింగు రొమ్ముకు తగిలింది. గొర్రెల కాపరులు పరుగెత్తి వచ్చేసరికే ప్రాణం లేదు. ఇంజను మీది బానెట్టు పైకి లేచి, డ్రైవరు ముందుండే అద్దం మీదికి విరుచుకుని ఉంది. గుద్దిన దెబ్బకు లేచిందని అందరూ అనుకున్నారు.

ఇప్పుడు ఆ బానెట్టును మోకుతో కిందికి లాగి కట్టారు. వలి ముందుకు నడిచి మోకు విప్పాడు. పక్కింటి ఆడమనిషి మహాదేవమ్మకు చెంబుతో నీళ్ళిచ్చింది. చిన్న ఈరన్న ఎద్దుల కాడి దించుతున్నాడు. బానెట్టు ముక్కు కింద, కొక్కెం ఉండాల్సిన చోట, తెగిన ఇనపతీగ ముక్క ఒకటి రెండు మెలికలతో వేలాడుతోంది. వలి దాన్ని గుర్తుపట్టాడు. తన వీపు అడ్డం పెట్టి నిలబడి, మెలికలు విప్పి, తీగను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరూ చూడలేదు.

మహాదేవమ్మ చెంబు ఇచ్చేసి వచ్చింది.

"అన్నా, ఇది మళ్ళా నడవల్ల," అంది.

"నడుస్తాదమ్మా. ఇరుసు వంగింది, రేడియేటరు పగిలింది, అద్దం లేదు. అన్నీ అయితాయి."

"అవన్నీ నాకు తెల్దు. ఈ మూత ఒక్కటి చెప్తాండా. ఇది మళ్ళా లేయగూడదు. గుద్దుకున్నాక లేసిందంటాండారు అందరూ. కాదన్నా. ముందు ఇది లేసింటాది, రోడ్డు కనపడక గుద్దింటాడు. నా పానం చెప్తాండాది."

వలి బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. "కొత్త కొక్కెం ఏస్తాలేమ్మా."

"కొక్కెం విరిగితే?"

"రెండేస్తా."

"రెండూ విరిగితే?"

చిన్న ఈరన్న కలగజేసుకుని, "బావా, పెద్దన్నేమో దీన్ని తూకానికి అమ్మేయమంటాండాడు. పానం తీసిన బండి ఇంట్లో ఉండగూడదంట. వదినె ఒప్పుకోల్యా," అన్నాడు.

"అమ్మితే ఏం తినల్ల? ఉండేది రెండెకరాల గుట్ట," అంది మహాదేవమ్మ. "ఈరన్నకు తోలేది వచ్చు. నువ్వు ఆ మూత సంగతి చూడు. లేయదు అని నువ్వు చెప్పిననాడు బండి తీసుకపోతాం."

చిన్న ఈరన్నను పనికి సాయంగా షెడ్డులో వదిలి, ఆమె సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ తీగ ఎక్కడిదో లోకంలో వలికి ఒక్కడికే తెలుసు. సుంకప్ప పోయిన రోజు పొద్దున బండి షెడ్డుకు వచ్చింది. కొక్కెం అరిగిపోయింది బావా, బానెట్టు ఎగిరెగిరి పడతాండాది చూడు అన్నాడు సుంకప్ప. అప్పుడు వలి చేతిలో ఒక ఆఫీసరు జీపు ఉంది. పదింటికల్లా కావాలని బంట్రోతు నెత్తిన నిలబడ్డాడు. వలి రెండంగలు వేసి వచ్చి, నేల మీద పడున్న తీగ ముక్క తీసుకుని, కొక్కేన్ని దాంతో చుట్టి మెలిపెట్టాడు. రేపు రా, కొత్తది కొట్టిస్తా అన్నాడు. ఇది నిలుస్తాదా అని సుంకప్ప అడిగాడు. ఏం కాదు పో అన్నాడు వలి, అప్పటికే జీపు వైపు తిరిగి. సుంకప్ప నమ్మాడు. వలి చెప్పింది సుంకప్ప నమ్మకపోవడం ఎప్పుడూ లేదు.

సుంకప్పను పూడ్చే రోజు వలి వెళ్ళాడు. మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు. ఆ గుంపులో ఏ నోరు పెట్టుకుని చెప్పాలో తెలియలేదు. తర్వాత చెబుదాం అనుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరింత బరువైపోయింది.

అతను ఆ వారం ఇరుసు సరిచేశాడు, రేడియేటరు అతికించాడు, కొత్త అద్దం బిగించాడు. బానెట్టు జోలికి మాత్రం పోలేదు. ఆషాఢం వచ్చింది. సీమలో ఆషాఢం గాలంటే మనిషిని నిలబడనియ్యదు. ఇంట్లో పడమటి కిటికీ రెక్క పొద్దస్తమానం టపటపా కొట్టుకుంటుంటే, వలి లేచి గడియకు దారం కట్టబోయాడు.

"దారం ఎన్ని దినాలు నిలుస్తాది?" అంది అతని పెండ్లాం దౌలత్ బీ, పిండి కలుపుతూ. "కిటికీ చేసిన వడ్లాయన బందులు ఆ పక్క కొట్టింటే బాగుండు. వచ్చే గాలి రెక్కను మూసేది. ఈ పక్క కొట్టినాడు, గాలి సందులో దూరి తెరస్తాండాది. ఎన్నిసార్లు చెప్తి నీకు, మార్పించమని."

వలి దారం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. రెక్కను మెల్లగా తెరిచాడు, మూశాడు. గాలి ఏ వైపు నుంచి వస్తోందో చెయ్యి చాచి చూశాడు. అన్నం తినకుండానే చెప్పులు వేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు.

బానెట్టు మడతబందులు అద్దం వైపు ఉన్నాయి, కొక్కెం ముందు, ముక్కు దగ్గర. బండి పోతుంటే గాలి ఎదురొచ్చి ముక్కు కింద దూరుతుంది. కొక్కెం పట్టు వదిలితే మూతను లేపి అద్దానికి కొడుతుంది. అదే బందులు ముక్కు దగ్గర ఉండి, కొక్కేలు అద్దం దగ్గర ఉంటే? అప్పుడు ఎదురుగాలి మూతను అణచిపెడుతుంది. కొక్కెం విరిగినా మూత ఎగిరి అద్దం మీదికి రాదు. ఆ వైపు నుంచి రావడానికి దానికి దారే ఉండదు.

అనుకున్నంత సులభంగా పని సాగలేదు. వలి పాత బందులు ఊడదీసి ముక్కు దగ్గర బిగించి, చిన్న ఈరన్నతో కలిసి వెనకవైపు నుంచి మూతను ఎత్తాడు. జానెడు లేచి ఆగిపోయింది. మూత వెనక లేస్తుంటే ముక్కు అంచు కిందికి దిగి, రేడియేటరు ముందుండే జాలీని గుద్దుకుంటోంది. బలవంతం చేస్తే జాలీ అయినా వంగాలి, బానెట్టయినా చీలాలి.

"కాదులే బావా, కొక్కేలే రెండు గట్టియి ఏసేద్దాం," అన్నాడు చిన్న ఈరన్న.

"కాదు," అన్నాడు వలి.

కిరసనాయిలు డబ్బా రేకును బానెట్టు పక్క ఆకారానికి కత్తిరించి, షెడ్డు గుంజకు మేకుతో కొట్టి, మేకు జాగా మార్చి మార్చి తిప్పి చూశాడు. రెండు రోజులు అదే పని. బందు తిరిగే చోటు మూత అంచున కాకుండా, జాలీకన్నా నాలుగు వేళ్ళు ముందుకు, ఇంకొంచెం కిందికి ఉండాలని తేలింది. అక్కణ్నుంచి కొడవలిలా వంగిన రెండు ఇనప చేతులు పైకొచ్చి మూతను పట్టుకోవాలి. అప్పుడు మూత లేచేటప్పుడు ముక్కు జాలీని తాకకుండా ముందుకు జరుగుతుంది.

కొలిమి పని గోపన్నది. వలి షెడ్డుకు నాలుగిళ్ళ అవతల అతను కమ్మరి. విరిగిన స్ప్రింగు పట్టాలు రెండు తీసుకుపోయి ఎర్రగా కాల్పించి, రేకు ముక్క పక్కన పెట్టి వంపు చూసుకుంటూ కొట్టించాడు. మొదటి జత ఒకదానికొకటి అరవేలు తేడా వచ్చింది. మళ్ళీ కాల్పించాడు. "ఏం వలీ, పెండ్లికూతురికి వంకీలు చేయిస్తాండావా ఏమి?" అని గోపన్న విసుక్కున్నాడు. వలి నవ్వలేదు. రెండూ ఒక్క పోలిక వచ్చేదాకా కొట్టించాడు. రేడియేటరు ముందు అటు మడ్‌గార్డు నుంచి ఇటు మడ్‌గార్డుకు గట్టి అడ్డకమ్మి బిగించి, ఆ చేతులను దానికి తగిలించాలి. అద్దం దగ్గర ఇటొకటి అటొకటి కొక్కేలు.

మహాదేవమ్మ నాలుగు రోజులకొకసారి బస్సులో వచ్చేది. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని, పని చూసేది. వచ్చినప్పుడల్లా ఇద్దరికీ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి తెచ్చేది. వలి తన రొట్టె చిన్న ఈరన్న వైపు జరిపేవాడు.

ఒకరోజు చొక్కా ఉతకబోతూ దౌలత్ బీ జేబులో తీగను చూసింది. ఏందిది అని అడిగింది. వలి అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ఆమె చొక్కా కింద పెట్టింది.

"ఈ మాట బయటపడితే మన షెడ్డుకు ఏ డ్రైవరొస్తాడు?" అంది.

"రారు."

ఆమె చొక్కా ఉతికి ఆరేసింది. మర్నాడు వలి తొడుక్కున్నప్పుడు జేబులో ఏదో గుచ్చుకుంది. చూస్తే, తీగ. దౌలత్ బీ దాన్ని తుడిచి, మళ్ళీ అదే జేబులో పెట్టింది. ఆమె వంటింట్లో అటు తిరిగి పని చేసుకుంటోంది. వలి షెడ్డుకు వెళ్ళాడు.

ఆ రోజు మహాదేవమ్మ వచ్చింది. మధ్యాహ్నం మూట విప్పి రొట్టెలు పంచింది.

"తినవేమన్నా?" అంది.

"తింటాలేమ్మా. నువ్వు ఏమో చెప్తాంటివి."

"ఏముండాది చెప్పేది. పెద్దమ్మాయి ఇంగ బడికి పోదంట. అంతా తాగుబోతు కూతురంటాండారంట. తాగి కండ్లు మూసుకపోయి గుద్దినాడని ఊరంతా చెప్పుకుంటాండారు గదా. మా పెద్ద ఈరన్న బావ కూడా ఆ మాటే అన్నాడు, మన్ను ఏసిన దినమే. నెలకొకసారి కల్లు తాగేటోడు, నేను ల్యాదని చెప్పను. బండి మీద కూచున్నాక తాగేటోడు కాదన్నా. నేను చెప్తే ఎవరింటారు? పెండ్లాం అట్లనే చెప్తాది అంటారు."

వలి రొట్టె పక్కన పెట్టాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. జేబులోంచి తీగ తీసి ఆమె ముందు డ్రమ్ము మీద పెట్టాడు.

"మహాదేవమ్మా, సుంకప్ప తాగల్యా."

"నాకు తెల్సన్నా."

"నీకు తెల్సుగాని, నీ కాడ సాక్ష్యం ల్యాదు. నా కాడ ఉండాది. అయ్యాల పొద్దున ఈడికొచ్చినాడు, కొక్కెం అరిగిపోయిందని. నాకు వేరే పనుండి ఈ తీగ చుట్టి పంపిస్తి. నిలుస్తాదా బావా అని అడిగె. ఏం కాదు పో అంటి. మూత లేసే పోయినాడు సుంకప్ప. నువ్వు చెప్పిందే నిజం."

చిన్న ఈరన్న లేచి నిలబడ్డాడు. పక్కనున్న సుత్తి ఎప్పుడు చేతిలోకి తీసుకున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. వలి జరగలేదు.

"ఈరన్నా, కూచో," అంది మహాదేవమ్మ. గొంతు పెంచలేదు. అతను కూర్చోలేదు గానీ ఆగాడు.

ఆమె తీగను చేతిలోకి తీసుకుని మెలికలు తడిమింది.

"ఇది నీకు యాడ దొరికింది?"

"బండికే ఉండె. మీరు ఎద్దులతో తెచ్చిన దినం విప్పుకుంటి."

"నేను పక్కనే ఉండగనా?"

"నువ్వు నీళ్ళు తాగుతాంటివి."

మహాదేవమ్మ అతని ముఖంలోకి చూసింది. కండ్లలో నీళ్ళు లేవు. "తీగ కట్టింది తప్పే. పనుల తొందరలో ఎవురైనా చేస్తారు, నేను ఎప్పుడో ఒకప్పుడు దాన్ని మరుస్తానేమో. తీగ విప్పి జేబులో ఏసుకున్నావు చూడు, అది మరువను," అంది. తీగను కొంగుకు ముడివేసుకుని లేచింది. మరదిని రమ్మని సైగ చేసింది. ఇద్దరూ రోడ్డెక్కి బస్సు ఆగే చోటికి నడిచి వెళ్ళారు. రొట్టెల మూట డ్రమ్ము దగ్గరే ఉండిపోయింది.

బండి కూడా ఉండిపోయింది. వాళ్ళు మళ్ళీ వస్తారో రారో వలికి తెలియదు. అయినా పని ఆపలేదు. గోపన్నను సాయం పిలిచి అడ్డకమ్మి బిగించాడు. చేతులకు రంధ్రాలు వేసి, చీలలు దిగ్గొట్టి, గ్రీజు పెట్టాడు. బానెట్టు సొట్టలు కొయ్యసుత్తితో సాపు చేశాడు. అద్దం దగ్గర రెండు కొక్కేలు వేసి, వాటి నాలుకలు తానే ఆకురాయితో అరగదీసి అమర్చాడు. ఏడో రోజుకు మూత వెనకనుంచి పట్టి ఎత్తితే, ఎక్కడా రాపిడి లేకుండా ముందుకు ఒరిగి లేచింది. దించితే మెత్తగా కూర్చుంది. ఇంజనులోకి ముందునుంచి వంగే వీలు మాత్రం పోయింది. ఇకమీద పక్కన నిలబడే చెయ్యి పెట్టాలి. బాగుచేసేవాడికి కష్టమే, పడనీ అనుకున్నాడు వలి.

ఎనిమిదో రోజు పొద్దున మొదటి బస్సుకు మహాదేవమ్మ, చిన్న ఈరన్న వచ్చారు.

"పనైందా?" అంది.

"అయింది."

"అయితే నువ్వే తోలల్ల. మా ఊరిదాకా."

ముగ్గురూ ముందు గదిలోనే కూర్చున్నారు. మధ్యలో చిన్న ఈరన్న, అవతలి తలుపు దగ్గర మహాదేవమ్మ. రెండువైపులా ఎర్రనేల, విత్తనం వేసి వాన కోసం చూస్తున్న చేలు. గాలికి దుమ్ము లేచి రోడ్డుకు అడ్డంగా పోతోంది. ఓర్వకల్లు గుట్టలు కనబడ్డాయి. దిగుడు మొదలయ్యే చోట మహాదేవమ్మ, "ఆపు," అంది.

ఆమె దిగి బానెట్టు పక్కకు నడిచింది. వలి చూస్తుండగానే ఇటువైపు కొక్కెం లాగింది. చుట్టూ తిరిగి వచ్చి అటువైపుది కూడా లాగింది. మూత ఇప్పుడు ఉట్టినే కూర్చుని ఉంది, ఏ పట్టూ లేకుండా.

"ఈరన్నా, నువ్వు దిగు. నడిచి రా."

"వదినే, ఏం చేస్తాండావు?"

"ఇంట్లో మొగోడు ఒగడు పోయినాడు, చాలు. దిగు." అతను దిగాక తాను ఎక్కి కూర్చుంది. వలి వైపు చూడకుండా, ముందు రోడ్డునే చూస్తూ చెప్పింది. "సుంకప్ప ఎంత వడిగా తోలేటోడో అంత వడిగా తోలు."

వలి గేరు మీద చెయ్యి వేసి ఆగాడు. రేకు ముక్కతో, కిటికీ రెక్కతో చూసుకున్నదంతా ఒక లెక్క, ఈ దిగుడు ఇంకో లెక్క. తాను ఎక్కడైనా పొరబడి ఉంటే ఈ ఆడమనిషి పిల్లలకు తల్లి కూడా ఉండదు. "మహాదేవమ్మా, నువ్వూ దిగు. నేనొక్కన్నే పోతా," అన్నాడు.

"అయ్యాల కూడా ఒక్కడే పోయె గదా. చూసినోళ్ళు ఎవురూ ల్యాకపాయ. ఈసారి నేను చూడల్ల. తోలు."

వలి గేరు వేశాడు. బండి దిగుడు పట్టింది. మొదట మెల్లగా, తర్వాత దానంతట అది వడి అందుకుంది. గుట్టల సందులోంచి ఆషాఢం గాలి ఎదురుగా వచ్చి అద్దానికి తగిలింది. బానెట్టు వెనక అంచు వణికింది. వేలెడు మందం లేచి టపటపమంది. వలి కాలు బ్రేకు మీదికి పోయింది. నొక్కలేదు. ఇంకా వడి పెరిగింది. గాలి మూతను పట్టుకుని కిందికి అణచింది. వణుకు ఆగిపోయింది. కుడివైపు గుండు వచ్చింది, దాని మీద సున్నం రాసినట్టు తెల్లటి గీత, బండి గీరుకున్న గుర్తు. అది కూడా వెనక్కి పోయింది. మహాదేవమ్మ దాని వైపు తల తిప్పలేదు. ఆమె చూపంతా బానెట్టు మీదే ఉంది. దిగుడు అయిపోయి రోడ్డు చదునయ్యాక వలి బండి ఆపాడు.

ఆమె ముఖం కొంగులో పెట్టుకుని ఏడ్చింది. సుంకప్ప పోయినప్పటి నుంచి ఆమె ఏడవగా ఎవరూ చూడలేదని తర్వాత చిన్న ఈరన్న చెప్పాడు. వలి కిందికి దిగి కొక్కేలు రెండూ వేసి, బండికి అవతలి పక్కన నిలబడ్డాడు. చిన్న ఈరన్న పరుగెత్తుకుంటూ వచ్చి చేరేదాకా అట్లాగే ఉన్నాడు.

"ఇంగ ఊర్లోకి పోదాం," అంది ఆమె కళ్ళు తుడుచుకుని. "నాకు చెప్పిన మాట అందరి ముందర చెప్పల్ల."

"చెప్తా. చెప్పడానికే వచ్చినా," అన్నాడు వలి.

బస్సులు ఆగే చోట ప్రేమయ్య టీ అంగడి. సుంకప్ప తాగి చచ్చాడన్న మాట పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. పొద్దుటి పూట పదిహేను ఇరవై మంది ఉన్నారు. ఇద్దరు లారీ డ్రైవర్లు, పని లేని రైతులు, బెంచీ చివర సుంకప్ప అన్న పెద్ద ఈరన్న. చచ్చిన మనిషి బండి తిరిగి రావడం చూసి అందరూ లేచారు.

వలి అంగడి ముందు నిలబడ్డాడు. మాటలు చక్కగా పేర్చి చెప్పడం అతనికి రాదు. "సుంకప్ప తాగల్యాప్పా," అని మొదలుపెట్టాడు. కొక్కెం సంగతి, జీపు సంగతి, తీగ సంగతి, ఏం కాదు పో అన్న సంగతి చెప్పాడు. తీగ విప్పి దాచుకున్నది కూడా చెప్పాడు. మహాదేవమ్మ కొంగు ముడి విప్పి తీగను బెంచీ మీద పెట్టింది. దాన్ని ఒకరి చేతినుంచి ఒకరు తీసుకుని చూశారు.

"నా బండి బ్రేకులు పోయిన నెల నువ్వే గదప్పా బిగించింది?" అన్నాడు ఒక డ్రైవరు. ఆ డ్రైవరు టీ గ్లాసు సగంలో పెట్టి వెళ్ళిపోయాడు.

తీగ చివరికి పెద్ద ఈరన్న చేతికి వచ్చింది. అతనికి అరవై ఏళ్ళు. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచినవాడు. "నేను గూడ అంటినే," అన్నాడు, వలితో కాదు, ఎవరితోనూ కాదు. "మన్ను ఏస్తా ఏస్తా అంటిని గదా, తాగొద్దురా అంటే ఇంటివా అని." తలగుడ్డ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి మహాదేవమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, అమ్మాయిని నేను బడికి తీసుకపోతా రేపు. అయ్యవారితో నేనే చెప్తా," అన్నాడు. వలి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

వలి కర్నూలుకు బస్సులో తిరిగి వచ్చాడు. మాట అతనికన్నా ముందే చేరింది. మూడు నెలలు షెడ్డుకు ఒక్క లారీ రాలేదు. దౌలత్ బీ రెండు మేకలు అమ్మి ఇల్లు గడిపింది. నోరు మూసుకునింటే బాగుండేది అని ఒక్కరోజు కూడా అనలేదు. వలి సైకిళ్ళు బాగుచేశాడు, తాళాలు బాగుచేశాడు, గోపన్న కొలిమిలో తిత్తి ఊదాడు. దసరా దాటాక నంద్యాల నుంచి ఒక డ్రైవరు అదే రకం మిలిటరీ బండి తోలుకుని వచ్చాడు. ఓర్వకల్లు దగ్గర చిన్న ఈరన్న బండి చూశానని, తన బానెట్టు కూడా అట్లా తిప్పి పెట్టమని అడిగాడు. పెట్టి ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత ఒకటొకటిగా బండ్లు రావడం మొదలైంది. ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా వలి ఇక తీగతో కట్టి ఏ బండినీ పంపలేదు. పనయ్యేదాకా బండి కదలకూడదనేవాడు. అందుకు కోపం వచ్చి పోయినవాళ్ళూ ఉన్నారు.

సుంకప్ప బండిని చిన్న ఈరన్న చాలా ఏళ్ళు తోలాడు. దానికి ఏ చిన్న పని పడినా వలి దగ్గరికే తెచ్చేవాడు, వదినె అట్లా చెప్పిందని. అప్పుడప్పుడు మహాదేవమ్మ కూడా వచ్చేది. పని అయ్యేదాకా నిలబడి చూసేది, కొక్కేలు రెండూ తన చేత్తో లాగి చూసుకునేది. అన్నా అని మాత్రం మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. వలిసాయిబూ అనేది. పిలిచిన ప్రతిసారీ వలి పని ఆపి, లేచి నిలబడి జవాబు చెప్పేవాడు.